చప్టా దగ్గర ఆగిన కారు

రెల్లుపాడు, కొల్లేటి ఒడ్డు
జూలై, 1936

చిరంజీవి తమ్ముడు ఎలీయాజరుకు అక్క సువర్ణ దీవెనలు.

నువ్వూ మరియమ్మా క్షేమమని తలుస్తాను. మేమిద్దరం బాగానే ఉన్నాం. అలా రాశానుగాని నిన్న జరిగింది నీకు చెప్పకపోతే నా మనసు కుదుటపడదు.

మా డిస్పెన్సరీ వెనక వీధిలో రత్నమాణిక్యం అని ఒక రైతు ఇల్లాలు. తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. నా దగ్గరున్న సామానుతో అయ్యే పని కాదు, ఏలూరు ఆస్పత్రిలో కోసి తీయవలసిందే. మీ బావగారు బడి మధ్యలో వదిలేసి వచ్చి కారు తీశారు. ఆమెనూ, ఆమె అత్త సుబ్బాయమ్మనూ, నన్నూ ఆ అగ్గిపెట్టెలో కుక్కుకుని బయలుదేరాం. తమ్మిలేరు పొంగి చప్టా మీద పిక్కల దాకా నీళ్ళు. సగం దాటాక కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక గొట్టంలోకి నీళ్ళు పోయాయిట. పొలాల్లోవాళ్ళు వచ్చి ఒడ్డుకి తోశారు. అక్కణ్ణించి గట్టు ఎక్కాలి. నలుగురి బరువుకి ఇంజను మూలిగింది, సగం ఎక్కి వెనక్కి జారింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. ఎడ్లబండికి కబురంపాం. బండి వచ్చేసరికి ఆమె నా ఒళ్ళో తలపెట్టుకునే పోయింది.

సుబ్బాయమ్మ ఏడవలేదు. "డాట్రమ్మగారండీ, కారెక్కితే బతుకుద్దన్నారు కదండీ" అంది, అంతే.

మా మిషన్ దొరసానిగారు సీమకి వెళ్ళిపోతూ ఈ కారు డిస్పెన్సరీకి ఇచ్చిననాడు మాకు రెక్కలు వచ్చాయనుకున్నాను. ఇప్పుడు దాన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది. నాలుగు సిలిండర్ల బొమ్మ. ఇంకో కారు కొనే శక్తి మిషన్‌కి లేదు. నువ్వు మోటారు పనివాడివి. నీళ్ళలో ఆగకుండా, గట్టు ఎక్కేలా ఈ ఇంజనుకి బలం పెంచే దారి ఉందా? ఉంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు.

నీ అక్క
సువర్ణ


తాడేపల్లిగూడెం
జూలై, 1936

పూజ్యులైన అక్కయ్యగారికీ బావగారికీ ప్రభువు నామమున వందనములు.

మీ ఉత్తరం చదివి మరియమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను షెడ్డుకి వెళ్ళానేగాని ధ్యాసంతా మీ కారు మీదే.

దారి ఉందండి. మీరు డాక్టరు కనక మీకు సులువుగా తెలుస్తుంది. ఇంజను కూడా ఊపిరి పీల్చి వదులుతుంది. మీ కారు పొగగొట్టం సన్నం. పైగా బండి కింద పాకి వెనక నేలబారున తేలుతుంది. అందుకే వదిలిన ఊపిరి బయటికి పోక ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. నీళ్ళొస్తే మరీను. లావు గొట్టం వేసి, బానెట్ పక్కనుంచి బయటికి తీసి, తలుపు ముందునుంచి టాపు ఎత్తుకి నిలబెడితే మొలలోతు నీళ్ళు వచ్చినా గొట్టంలోకి చుక్క పోదు.

అది వదిలే ఊపిరి సంగతి. పీల్చే ఊపిరి సంగతి ఇంకోటి ఉంది. బ్లోయరని ఒక యంత్రం. ఇంజనుతోపాటే తిరుగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ సిలిండర్లలోకి బలవంతంగా నెడుతుంది. అదే ఇంజను, అదే బండి, బలం మాత్రం సగానికి సగం పెరుగుతుంది. ఉండి ఊరి వెంకట్రాజుగారు కలకత్తానుంచి తెచ్చిన పందెపు కారుని కల్వర్టుకి కొట్టేశారు. ఆయనకి దెబ్బ తగల్లేదు. కారు మా షెడ్డులో పడి ఉంది. దాని బ్లోయరు చెక్కుచెదరలేదు. అడిగితే, ఆస్పత్రి పనికైతే తీసుకోమన్నారు. అక్కయ్యా, అలాంటి వస్తువుని నేను చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు.

మా మేస్త్రీ కోదండరామయ్యగారు మాత్రం ఇంజను జోలికి పోవద్దన్నారు. వెనక ఇరుసులో పెద్ద పళ్ళచక్రం వేస్తే బండి నెమ్మదిగా పోయినా ఏ గట్టయినా ఎక్కుతుందన్నారు. ఆయన పాతకాలపు మనిషి. ఆ లెక్కన ఏలూరు చేరడానికి ఇప్పటికి రెట్టింపు వేళ పడుతుంది.

మీ యిష్టం.

మీ తమ్ముడు
ఎలీయాజరు


రెల్లుపాడు
ఆగస్టు, 1936

చిరంజీవి ఎలీయాజరుకు,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ మీ బావగారికి నిద్ర లేదు. బళ్ళో పిల్లలకి నల్లబల్ల మీద బ్లోయరు బొమ్మ గీసి చూపించారట. "మీ తమ్ముడు గుడ్డివాడికి కర్ర కాదే, కళ్ళే ఇస్తానంటున్నాడు" అంటున్నారు.

నాకు ఒక్కటి నచ్చలేదు. మేస్త్రీగారి సలహాని పాతకాలపుదని ఒక్క మాటతో తోసేశావు. దాని మీద చాలా ఆలోచించాను. కాని రక్తం పోతున్న మనిషికి రెట్టింపు వేళ ఎక్కడుంది? గొట్టం ఎత్తించు. బ్లోయరూ పెట్టు. మీ బావగారు ఆదివారం ఆరాధన అయ్యాక కారు తీసుకుని బయలుదేరతారు.

ఒక ప్రశ్నకి మాత్రం సూటిగా జవాబు రాయి. దీనివల్ల లోపల కూచున్నవాళ్ళకి ఏ ప్రమాదమూ లేదు కదా?

సువర్ణ


తాడేపల్లిగూడెం
సెప్టెంబరు, 1936

అక్కయ్యగారికి వందనములు.

బావగారు క్షేమంగా చేరి ఉంటారు. ఇక్కణ్ణించి ఉంగుటూరు దాకా నేనూ కూడా వెళ్ళి దిగిపోయాను. కాలవ గట్టు మీద మా కారు చప్పుడుకి బస్సువాడు పక్కకి తప్పుకున్నాడండి. బావగారు అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ప్రమాదం సంగతి అడిగారు. మోటారన్నాక జాగ్రత్తలు ఉంటాయి, అవన్నీ బావగారికి చెప్పాను. ముఖ్యమైనది మీరు కూడా గుర్తుంచుకోండి. బ్లోయరు పెట్టాక ఇంజను వేడి మీద ఆపితే, తడిలో మళ్ళీ అంటుకోవడం కష్టం. కనక వానలో గాని, చప్టా దగ్గర గాని ఎంతసేపు ఆగవలసి వచ్చినా ఇంజను ఆపవద్దు. తిరగనీయండి.

కొత్తలో గొట్టానికి వేసిన రంగు కాలి కాస్త వాసన వస్తుంది. అదే పోతుంది.

మీ తమ్ముడు
ఎలీయాజరు


రెల్లుపాడు
అక్టోబరు, 1936

నా బంగారు తమ్ముడికి,

వానలు ఒక్కరోజూ తెరిపివ్వడం లేదు. కొల్లేరు మా పెరటి దాకా వచ్చింది. అయినా ఈ నెల నేను ఏడవలేదు. ముగ్గుర్ని ఏలూరు చేర్చాం. ముగ్గురూ బతికారు. ఒక బిడ్డ మాత్రం చచ్చి పుట్టింది. అప్పటికే ఆలస్యమైంది, అది కారు తప్పు కాదు. నీళ్ళు తలుపు కింద దాకా వచ్చినా కారు పడవలా దాటేసింది. గట్టు దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పైన ఉన్నాం. సుబ్బాయమ్మ వీధరుగు మీద నిలబడి మేం పోతుంటే చూసింది. ఆ చూపు నన్నెక్కడికీ పోనివ్వదు. ఈ కారు మూడు నెలల ముందే ఇలా ఉండవలసింది.

మీ బావగారికి ఈమధ్య తలనొప్పి. కారు తోలిన రోజున మరీ ఎక్కువ. మొన్న వచ్చి భోజనం కూడా చెయ్యకుండా పడుకున్నారు, వాంతి అయింది. మాత్రలు ఇస్తున్నాను. కళ్ళజోడు మార్పించాలి. నాకూ కారు దిగాక కాస్త తూలినట్టుంటుంది. నిద్రలేకపోవడం వల్ల అనుకుంటాను. అద్దాలు దించితే వాన జల్లు రోగి మీద పడుతుంది, మూసుకుంటే ఉక్క.

దేవుడు నీ చేతులు దీవించుగాక.

అక్క


తాడేపల్లిగూడెం
అక్టోబరు, 1936

అక్కయ్యగారికి వందనములు.

మీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. కోదండరామయ్యగారు విని, "బండి ఒకసారి తెచ్చి చూపించమను" అన్నారు. వానలు తగ్గాక తెమ్మనండి, తొందరేమీ లేదు.

బావగారి తలనొప్పి బ్లోయరు కూతవల్లే. ఆ చప్పుడు అలవాటు లేనివాళ్ళకి నరాలు లాగేస్తుంది. చెవుల్లో దూది పెట్టుకోమనండి.

ఎలీయాజరు


రెల్లుపాడు
నవంబరు, 1936

ఎలీయాజరుకు,

సమాధి దగ్గర నువ్వు నన్నేదో అడగబోయావు. చుట్టూ మనుషులు ఉన్నారని నేను పక్కకి తిరిగిపోయాను. ఎలా జరిగిందో చెప్పవలసిన బాధ్యత నాది.

సత్యవతి అనే అమ్మాయిని ఏలూరు తీసుకువెళ్ళాం. తుఫాను వాన. ఆస్పత్రిలో ఆమెకి తోడు నేను ఉండిపోయాను. మగపిల్లాడు పుట్టాడు. బళ్ళో పరీక్షలున్నాయని మీ బావగారు ఒక్కరే కారులో తిరిగి బయలుదేరారు. మెట్ల దగ్గర నిలబడి, "నువ్వు ఆకలికి ఆగలేవు, ముందు ఏదైనా తిను" అన్నారు. అదే ఆఖరు మాట.

చప్టా మీద నీళ్ళు మరీ ఉరవడిగా ఉన్నాయిట. తగ్గేదాకా ఉందామని ఒడ్డున ఆగారు. మధ్యాహ్నం పైన వలలవాళ్ళు అటు వచ్చి చూస్తే అద్దాలన్నీ మూసి ఉన్నాయి. సీటుకి తల వాల్చి నిద్రపోతున్నట్టున్నారట. పిలిస్తే పలకలేదు. ఇంజను తిరుగుతూనే ఉందిట.

గుండె ఆగిపోయింది. ఆయన గుండె ఎప్పట్నుంచో బలహీనంగా ఉండి ఉంటుంది. ఇంట్లో డాక్టరుని పెట్టుకుని కూడా చూపించుకోలేదు. చావు పుస్తకంలో మునసబుగారు అలాగే రాసుకున్నారు. ఎవరడిగినా నువ్వూ అలాగే చెప్పు.

కారు నువ్వు తీసుకెళ్ళడం మంచిదయింది. అది ఇక్కడుంటే చూడలేను.

సువర్ణ


తాడేపల్లిగూడెం
డిసెంబరు, 1936

అక్కయ్యగారికి,

ఉత్తరం అందింది. కారు పూర్తిగా విప్పి చూశాను. లోపం ఏమీ కనబడలేదు. గుండెజబ్బుని ఎవరు ఆపగలరండి. దేవుని చిత్తం.

ఆ గొట్టమూ, బ్లోయరూ తీసేశాను. ఇక తోలేవారు లేరు కదా అని. మీరు కాస్త తింటూ ఉండండి. క్రిస్మసుకి మరియమ్మని పంపిస్తాను. నాకు షెడ్డులో పని ఎక్కువగా ఉంది.

ఎలీయాజరు


రెల్లుపాడు
జనవరి, 1937

తమ్ముడూ,

మరియమ్మ వచ్చి వెళ్ళింది. నువ్వు షెడ్డు మానేసి నెలవుతోందిట. తిండి సరిగా తినడం లేదుట. పొద్దస్తమానం ఆ కారు ముందు కూచుంటున్నావుట. పిలిస్తే, "వస్తున్నా" అంటావుగాని లేవవుట. "వదినగారండీ, నాకు భయంగా ఉందండి" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

అందుకే ఇక దాచను. మీ బావగారిది గుండె కాదు. ఆయన్ని చూసిన క్షణాన్నే నాకు తెలుసు. చనిపోయినవాళ్ళు పాలిపోతారు. ఆయన బుగ్గలూ పెదవులూ గోళ్ళూ ఎర్రగా ఉన్నాయి, ఎండలో ఆడుకుని వచ్చిన పిల్లాడిలాగ. చూసినవాళ్ళందరూ, "ఎంత కళగా ఉన్నారో పంతులుగారు" అన్నారు. బొగ్గుపొగో, మోటారు పొగో పీల్చి పోయినవాళ్ళకి అలాంటి రంగు వస్తుందని మాకు పాఠం చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మునసబుగారికి గుండె అని చెప్పింది నీకోసం. నీ చేతులతో వేసిన గొట్టం అని నీకు తెలియకూడదని.

కాని నీకు తెలుసు. లోపం లేదని రాసినవాడివి, గొట్టం ఎందుకు తీశావు?

నువ్వొక్కడివే మోయాలనుకోకు. తలనొప్పి, వాంతి, తూలడం. వేరే ఊరినుంచి రోగి వచ్చి ఈ మూడూ చెబితే, "ఎక్కడ పడుకుంటున్నావు, దగ్గర కుంపటి ఉందా" అని అడిగేదాన్ని. నా మొగుడు చెబితే కళ్ళజోడు మార్చమన్నాను. అక్టోబరులో చచ్చి పుట్టిన బిడ్డ ఉంది చూశావా, ఆ తల్లి నీ గొట్టం పక్కన, అద్దాలు మూసిన కారులో, నా ఒళ్ళో తలపెట్టుకుని వచ్చింది. ఆలస్యమైందని ఆమెకి చెప్పాను. నిజమో కాదో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

సువర్ణ


తాడేపల్లిగూడెం
జనవరి, 1937

అక్కయ్యగారికి,

మీకు తెలియకూడదని నేను దాచాను. మీరు నాకోసం దాచారు. ఇద్దరం ఒకే శవం మీద రెండు దుప్పట్లు కప్పాం.

కారులో కాళ్ళకింద పలకలు ఎత్తి చూశాను. వాటి అడుగుభాగమంతా మసి. ఇంజను దగ్గర గొట్టం అతికిన చోట బోల్టులు వదులై సందు పడింది, పొగ అక్కణ్ణించే లోపలికి వచ్చింది. బ్లోయరు పెట్టాక పొగ విసురూ వేడీ పెరుగుతాయి, గట్టు మీద కుదుపులు సరేసరి. ఆ అతుకుకి మందమైన బిగింపులు వెయ్యాలి. మద్రాసునుంచి రావలసినవి రాలేదు. బావగారు సెలవు అయిపోతోందన్నారు. మామూలువి వేసి బిగించాను. మేస్త్రీగారు చూసి, "ఇవి ఆగవురా, సరుకు వచ్చేదాకా బండి ఇవ్వకు" అన్నారు. తర్వాత మార్చవచ్చులే అనుకున్నాను. బండి చప్పుడు వినాలని నాకే ఆత్రంగా ఉంది. ప్రమాదం ఉందా అని మీరు అడిగిన ప్రశ్నకి జవాబు రాయడానికి కూచుని, ఇది తలుచుకునే, మాట మార్చాను.

ఇంజను ఆపవద్దని కూడా నేనే చెప్పాను. ఆయన నా మాట విన్నారు.

నన్ను రానివ్వండి. రెల్లుపాడు వచ్చి మీ గుమ్మంలో పడి ఉంటాను. బతికినన్నాళ్ళూ మీ రోగుల్ని నేనే తోలుకెళతాను. మీరు నాతో మాట్లాడనక్కర్లేదు.

ఎలీయాజరు


రెల్లుపాడు
ఫిబ్రవరి, 1937

ఎలీయాజరుకు,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. నిన్ను క్షమించానని రాయాలని చాలాసార్లు కూచున్నాను. ఆ మాట రాయడం తేలికే. అమ్మ పోయాక నీకు అన్నం తినిపించి పెంచిన చేత్తో అబద్ధం రాయలేక ఆగిపోయాను. నీ మీద కోపం ఉందా అంటే అది కోపం కాదు. దానికి నా దగ్గర పేరు లేదు. మాత్ర కూడా లేదు.

సత్యవతి బిడ్డని ఎత్తుకుని వచ్చింది. పండూ ఫలమూ తెచ్చి, "మీ చేత్తో ఓసారి ఎత్తుకోండమ్మగారూ" అంది. బల్ల మీద పడుకోబెట్టించి, బరువు చూసి, బాగున్నాడని చెప్పాను. ఎత్తుకోలేదు. ఆమె అర్థం కానట్టు చూసి వెళ్ళిపోయింది. ఏ పాపమూ తెలియని పసివాడు, వాణ్ణి కూడా చూడలేకపోతున్నాను.

మొన్న కొల్లేటి లంకనుంచి దోనెలో ఒకామెని తెచ్చారు. నిండుచూలాలు, గుర్రపువాతం పట్టి మూర్ఛలు వచ్చి పళ్ళు కరుచుకుపోయాయి. ఎడ్లబండి మీద ఏలూరు పంపాను. దారిలో పోయింది. కారుంటే చేరేదేమో. ఆమె మొగుడు తిరిగి వచ్చి బండి చక్రాల మట్టి కడుగుతుంటే కిటికీలోంచి చూశాను. రత్నమాణిక్యం పోయినరోజు ఎక్కడున్నానో మళ్ళీ అక్కడికే వచ్చాను. మధ్యలో మీ బావగారు లేకుండా పోయారు, అంతే తేడా.

కనక కారు నాకు కావాలి. మేస్త్రీగారు చెప్పిన పళ్ళచక్రం ఆయన చేతనే వేయించు. పాత గొట్టం పాతచోట పెట్టించు. చప్టా మీద నీళ్ళుంటే మనుషుల చేత తోయించుకుంటాను. నెమ్మదిగా వెళితే నెమ్మదిగానే వెళతాను. బండిని మేస్త్రీగారు తెచ్చి అప్పగించి రైల్లో వెళ్ళిపోతారు.

ఊళ్ళో మగవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోం అంటున్నారు. తోలేది నేనే. ఎలా తోలాలో ఉత్తరంలో రాయి. నాకు అర్థమయ్యేలా, ఏదీ వదలకుండా.

నువ్వు రావద్దు. నీ మొహం చూస్తే ఆయన ఆ కారు దగ్గర నవ్విన నవ్వు కనబడుతుంది. అన్నం తిను. షెడ్డుకి వెళ్ళు. మరియమ్మని ఏడిపించకు. నావల్ల అయ్యేది ఇంతవరకే.

సువర్ణ


తాడేపల్లిగూడెం
మార్చి, 1937

అక్కయ్యగారికి,

కారు మేస్త్రీగారి చేతికి ఇచ్చాను. ప్రతి బోల్టూ ఆయనే బిగించారు. నేను దీపం పట్టుకున్నాను, అంతే.

ముందు నీళ్ళూ నూనే చూసుకోండి. గేరు మధ్యలో ఉందో లేదో చేత్తో కదిపి చూసి, అప్పుడు ముందుకి వచ్చి హ్యాండిలు తిప్పండి. బొటనవేలు మిగతా వేళ్ళవైపే ఉంచి పట్టుకోండి, లేకపోతే ఇంజను ఎదురు కొట్టినప్పుడు మణికట్టు విరుగుతుంది. ఎడమ కాలితో క్లచ్చి అడుగంటా తొక్కి మొదటి గేరు వేసి, కాలు మెల్లగా, నిద్రపోతున్న పిల్లవాడి కింద చెయ్యి తీసినంత మెల్లగా వదలండి. మొదట్లో బండి గెంతి ఆగుతుంది. సిగ్గుపడకండి, అందరికీ అంతే. కొన్నాళ్ళు బడి ఆవరణలో, ఖాళీ బండితో తిప్పండి. గట్టు ఎక్కేటప్పుడు కిందనే మొదటి గేరులో పెట్టుకోండి, మధ్యలో మార్చవద్దు. ఈ చక్రంతో తప్పకుండా ఎక్కుతుంది. దిగేటప్పుడు కూడా అదే గేరు.

ఇంతకు ముందు నేను చెప్పింది మరిచిపోండి. ఆగిన ప్రతిచోటా ఇంజను ఆపేయండి. మళ్ళీ అంటుకోకపోతే అంటుకోకపోనీయండి. ఎంత వానైనా రెండువైపులా అద్దం జానెడు దించి ఉంచండి. రోగి తడుస్తుంది, మీరూ తడుస్తారు. తడవండి. తల బరువెక్కినట్టుంటే ఆ క్షణాన్నే దిగిపోండి, లోపల ఎవరున్నా దింపేయండి.

నేను రాను. షెడ్డుకి వెళుతున్నాను. లారీల పని తీసుకున్నాను, చిన్న కార్లు ముట్టుకోవడం లేదు.

బండి మీ చేతికి అలవాటయ్యాక ఎవరితోనైనా కబురు పంపండి. ఉత్తరం రాయనక్కర్లేదు.

ఎలీయాజరు